బొంగరం నోరు తెరిచింది

ఆ గోదాములో అతన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. అందరికీ అతను ఎక్స్‌రే. ఊళ్ళో దుకాణాలన్నింటికీ సరుకు అక్కణ్ణించే వెళుతుంది. ఆ సరుకుతో పాటు ఇంకేమీ వెళ్ళకుండా చూడటం ఎక్స్‌రే ఉద్యోగం. షిఫ్టు దిగినవాళ్ళు గేటు దగ్గర వరసలో నిలబడి సంచీ తెరవాలి, జేబులు బయటికి లాగాలి, టిఫిన్ డబ్బా మూత తీసి చూపించాలి. కంగారుపడేవాణ్ణి అతను పెద్దగా పట్టించుకోడు. ఈల వేసుకుంటూ, "ఏం అన్నా, భోంచేశావా?" అని పలకరిస్తూ వచ్చేవాణ్ణి మాత్రం పక్కకు నిలబెట్టి చెప్పులతో సహా విప్పించి చూస్తాడు. ఒకసారి అలా పలకరించినవాడి డబ్బాలో అన్నం అడుగున చేతి గడియారం దొరికింది. ఆనాటి నుంచి తన ముక్కు మీదా, కళ్ళ మీదా అతనికి చెప్పలేనంత గౌరవం ఏర్పడిపోయింది.

ఉద్యోగాన్ని గేటు దగ్గరే వదిలేసి ఇంటికి వచ్చేవాళ్ళు కొందరుంటారు. మనవాడు ఆ బాపతు కాదు. పాలవాడు నవ్వితే ఇవాళ పాలు పలచన అనుకుంటాడు. అడక్కుండా భార్య కాఫీ తెచ్చిస్తే గ్లాసు వంక చూసి, ఆమె వంక చూసి, "ఏమైంది?" అంటాడు. "ఏమీ కాలేదండీ, కాఫీ" అంటుందామె. ఆమె కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది. నవ్వు ఎక్కువ, కోపం తక్కువ. మొగుడి అనుమానాన్ని వదలని జలుబు కింద జమకట్టేసి కాపురం చేసుకుంటోంది.

వాళ్ళకొక కూతురు, మూడో ఏడు నడుస్తోంది. పేరు ముచ్చటగానే పెట్టారు గానీ ఇంటిల్లిపాదీ పిలిచేది బొంగరం అనే. కాలు ఒకచోట నిలిస్తే ఒట్టు. మొదటి ముద్ద వంటింట్లో తింటే రెండోది మంచం కింద తింటుంది. నిద్రలో కూడా తిరిగి తిరిగి, తెల్లారేసరికి కాళ్ళు దిండు మీదకి, తల వాళ్ళమ్మ పొట్ట మీదకి చేరుస్తుంది.

పగలంతా ఆ పిల్లను చూసుకునేది తాతయ్య, అంటే ఎక్స్‌రేకి మామగారు. బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. బొంగరానికి ఏడాది నిండి, వాళ్ళమ్మ మళ్ళీ ఉద్యోగంలో చేరే రోజుకి ఒక పెట్టె, ఒక గొడుగు పట్టుకుని దిగాడు. పెద్ద కూతురింట్లో ఆయనకి ప్రత్యేకంగా ఒక గది ఉంది. ఇక్కడ హాల్లో మడతమంచమే గతి. అయినా ఉండిపోయాడు. ఆయన వెళ్ళిపోతే అమ్మాయి ఉద్యోగం మానుకోవాల్సిందే. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. అల్లుణ్ణి ఆయన "బాబూ" అంటాడు, "మీరు" అంటాడు, అతను గదిలోకి వస్తే పేపరు మడిచి పక్కన పెడతాడు. ఇంత మర్యాద దేనికా అని ఎక్స్‌రే మనసులో ఒక మూల ఎప్పుడూ చిన్న ముల్లు గుచ్చుకుంటూనే ఉండేది.

పిల్లలకు రోజూ చదివి వినిపిస్తే తెలివి పెరుగుతుందని ఎవరో చెప్పగా విని, ఎక్స్‌రే ఒక పుస్తకం కొనుక్కొచ్చాడు. చింపడానికి వీల్లేని అట్ట పేజీలు. కథ చిన్నదే. బాతుకి ఒక చెప్పు పోతుంది. అది చెరువునీ, చెట్టునీ, కప్పనీ అడుగుతూ పోతుంది. సాయంత్రం డ్యూటీ నుంచి రాగానే ముఖం కడుక్కుని, బొంగరాన్ని పట్టుకొచ్చి, ఒళ్ళో బిగించి కూర్చోబెట్టుకుని మొదలుపెట్టేవాడు.

"అనగనగా ఒక బాతు. బాతుకి చెప్పు పోయింది. ఏదీ, బాతేదీ?"

బొంగరం వేలు పెట్టి చూపించేది.

"చెప్పు ఏం రంగు?"

"ఎరుపు."

"బాతుకి కాళ్ళెన్ని?"

బొంగరం కిటికీ వంక చూసేది.

"అటు కాదు, ఇటు చూడు. కాళ్ళెన్నో చెప్తేనే పేజీ తిప్పుతా."

అంతే. పిల్ల ఒళ్ళోంచి జారి, బల్ల కింద నుంచి దూరి, తలుపు వెనక తేలేది. అతను పుస్తకం పట్టుకుని, "వచ్చి కూర్చో! కూర్చుంటేనే కథ!" అని అరిచేవాడు. చెరువు దాకా వెళ్ళడమే గగనం. ఆ బాతుకి చెప్పు దొరికిందో లేదో కొన్నవాడికే తెలియదు.

అలాంటిది, ఒకనాటి సాయంత్రం ఆ పిల్ల పుస్తకం తిరగేసి పట్టుకుని, మంచం మీద గెంతుతూ, గొంతెత్తి చెప్పేసింది. "చెప్పు ఎక్కడ? నక్క నెత్తిన! టోపీ!"

ఎక్స్‌రే పుస్తకం లాక్కుని చివరి పేజీ తీశాడు. నక్క ఉంది. దాని నెత్తిన ఎర్రచెప్పు టోపీలా ఉంది. తను ఎన్నడూ ఆ పేజీ తెరిచిన పాపాన పోలేదు.

"దీనికిదెలా తెలుసు?" అన్నాడు.

"మధ్యాహ్నం మేమూ చదువుకుంటాం కదా బాబూ" అన్నాడు మామగారు, పేపరు మడుస్తూ. "మొత్తం వింటుంది. ఒకటికి నాలుగుసార్లు చదివించుకుంటుంది."

"కూర్చునే వింటుందా?"

ఆయన నవ్వాడు. "ఏదో, దాని పద్ధతి దానిది."

ఆ నవ్వు ఎక్స్‌రేకి నచ్చలేదు. గేటు దగ్గర భోంచేశావా అని పలకరించినవాడు సరిగ్గా ఇలాగే నవ్వాడు. తన ఒళ్ళో నిమిషం నిలవని పిల్ల, ఈ ముసలాయన దగ్గర ఒకటికి నాలుగుసార్లు వింటుందా? ఎలా వింటుంది? ఏం చేస్తే వింటుంది?

మర్నాడు గోదాములో టీ తాగుతూ, పేరు చెప్పకుండా, ఎవరిదో సంగతన్నట్టు లారీ డ్రైవరు దగ్గర ఈ మాట కదిపాడు. డ్రైవరు గ్లాసు కింద పెట్టి, "అన్నా, నువ్వు నమ్మవు" అన్నాడు. "మా పక్కింటివాళ్ళు పిల్లాణ్ణి చూసుకోడానికి ఒకావిడని పెట్టుకున్నారు. వాడేమో అల్లరి పిడుగు. ఆవిడొచ్చాక మంచి బాలుడైపోయాడు. తీరా చూస్తే ఏముంది, రోజూ పాలల్లో ఇంత దగ్గుమందు కలిపి పోస్తోంది!"

ఎక్స్‌రేకి తన ఇల్లు గుర్తొచ్చింది. హాల్లో అలమర పై అరలో, మామగారి పెట్టె పక్కన, ఒక దగ్గుమందు సీసా ఉంది. అతను దాన్ని చాలాసార్లు చూశాడు. చూసి కూడా అనుమానించనందుకు తనని తనే తిట్టుకున్నాడు.

అడిగేస్తే ఏ గొడవా లేకపోను. కానీ అడిగితే ఎదుటివాడు జాగ్రత్తపడతాడన్నది గేటు దగ్గర అతను నేర్చుకున్న పాఠం. పైగా భార్యతో అంటే, వాళ్ళ నాన్నని అంత మాట అన్నందుకు ఇల్లు రణరంగమవుతుంది. అందుకని సోదా మొదలుపెట్టాడు. సాయంత్రం రాగానే, చదవబోయే ముందు, బొంగరాన్ని ఎదురుగా నిలబెట్టి, "నోరు తెరు, ఆ..." అనేవాడు. వంగి వాసన చూసేవాడు. "నాలిక" అంటే నాలిక చాపేది. తర్వాత వేలితో కింది రెప్ప లాగి కళ్ళు చూసేవాడు. మత్తు ఎక్కడైనా కనిపిస్తుందేమోనని కళ్ళలో వత్తులు వేసుకుని వెతికి, ఏమీ కనిపించక, "సరే, పో" అనేవాడు. అది మొదట్లో కితకితలు పెట్టినట్టు నవ్వేది. తర్వాత తర్వాత నవ్వడం మానేసి, అలవాటుగా నోరు తెరిచేది. మామగారు వంటింట్లో టీ పెట్టే సమయం చూసి ఈ తతంగం నడిపించేవాడు కనుక మూడోకంటికి తెలియలేదు.

అక్కడితో ఆగితే ఎక్స్‌రే ఎందుకవుతాడు? ఎవరూ లేనప్పుడు సీసా దించి, మందు ఎంతవరకు ఉందో అక్కడ లేబుల్ మీద పెన్నుతో సన్నగా గీత పెట్టాడు. కొన్నాళ్ళకి చూస్తే మందు గీత కిందికి దిగింది. అక్కడ ఇంకో గీత పెట్టాడు. అదీ దిగింది. ఇంట్లో దగ్గుతున్నవాళ్ళెవరూ అతని చెవిన పడలేదు. పిల్ల నోట్లో వాసన లేకపోవడం కూడా అతనికి ఊరట ఇవ్వలేదు సరికదా, నీళ్ళు పుక్కిలింపిస్తున్నాడు కాబోలు అనుకున్నాడు. పళ్ళెం ముందు పెట్టి, "మీకు కారం తక్కువ వేయించాను బాబూ" అని మామగారు అంటుంటే, ఆ మనిషి చేతుల వంక చూస్తూ తినేవాడు. ఈ చేతుల్లోనా నా పిల్లని పెట్టి పోతున్నాను అని లోపల్లోపల కుమిలిపోయేవాడు. పాపం, ఆ బాధ మాత్రం అబద్ధం కాదు.

ఒక శనివారం తలనొప్పని చెప్పి మధ్యాహ్నమే గోదాము నుంచి బయటపడ్డాడు. మెట్లు చప్పుడు కాకుండా ఎక్కాడు. తన తాళంచెవితో తలుపు ఓరగా తెరిచాడు. పిల్ల మత్తుగా పడి ఉంటుందనీ, ముసలాయన పక్కన కునుకు తీస్తూ ఉంటాడనీ దారి పొడవునా ఊహించుకున్నాడు. ఏమనాలో మాటలు కూడా సిద్ధం చేసుకున్నాడు.

"చెరువు స్టాపు! చెరువు స్టాపు! దిగేవాళ్ళు దిగాలి!"

మామగారి గొంతు. ఇల్లు మారుమోగిపోతోంది. ఎక్స్‌రే చెప్పుల స్టాండు పక్కన ఒదిగి, తలుపు సందులోంచి చూశాడు. బొంగరం మంచం కింద నుంచి దూసుకొచ్చి, కుర్చీ చుట్టూ తిరిగి, మళ్ళీ మంచం కిందికే పోయింది. ఆయన పుస్తకం ఒక చేత్తో పైకెత్తి పట్టుకుని, నడుస్తున్న బస్సులో నడిచినట్టు కాళ్ళు ఎడంగా వేస్తూ, పిల్ల వెనకాలే ఈ గదిలోంచి ఆ గదిలోకి తిరుగుతూ చదువుతున్నాడు. ఎక్కడా కూర్చోమన్నది లేదు. ఎన్ని కాళ్ళన్నది లేదు.

"బాతు చెరువునడిగింది. చెరువూ చెరువూ, నా చెప్పు చూశావా?"

"లేదూ!" మంచం కిందనుంచి కేక.

"లేదంటమ్మా! రైట్ రైట్!" పేజీ తిప్పాడు. "చెట్టు స్టాపు! బాతు చెట్టునడిగింది..."

పిల్ల పరదా వెనక దాక్కుంటే ఆయన పరదాకి చదివాడు. వంటింట్లోకి పరిగెడితే గుమ్మం దగ్గర నిలబడి చదివాడు. అది వినడం లేదనిపించిన చోట ఆయన ఆగితే, ఎక్కణ్ణించో తరవాతి మాట ఠకీమని వచ్చి పడేది. నక్క దగ్గరికి వచ్చేసరికి ఆయన చొక్కా వీపంతా తడిసిపోయింది. గొంతు బొంగురుపోయి దగ్గు తెర పట్టుకుంది. గోడకి చెయ్యి ఆనించి చాలాసేపు దగ్గి, పై అరలోంచి సీసా దించి మూతెడు మందు తను గొంతులో పోసుకున్నాడు.

"నాకు!" అంది బొంగరం.

"నీకు కాదమ్మా. ఇది ముసలి గొంతులకి." సీసా మళ్ళీ అందనంత ఎత్తున పెట్టేశాడు. "సాయంత్రం మీ నాన్న వచ్చేసరికి తగ్గిపోవాలి. నా దగ్గు పిల్లకి అంటుకుంటుందని భయపడతాడు."

"మళ్ళీ!" అంది బొంగరం.

"మళ్ళీనా తల్లీ... సరే, రైట్ రైట్."

ఎక్స్‌రే తలుపు ఎంత మెల్లగా తెరిచాడో అంతకంటే మెల్లగా మూశాడు. వీధి చివర టీ కొట్టు బెంచీ మీద కూర్చుంటే తలకొట్టేసినట్టయింది. సిగ్గు ఒక పక్క, పిల్లకేం కాలేదన్న సంతోషం ఒక పక్క. సంతోషమే ఎక్కువని చెప్పాలి. ఎవరికీ తెలియలేదు, గండం గడిచింది, రేపణ్ణించి సోదా బంద్, అనుకున్నాడు. ఎప్పుడూ లేనిది మామగారికి దగ్గుబిళ్ళలు కూడా కొన్నాడు. చీకటి పడ్డాక ఇంటికి వెళ్ళేసరికి బొంగరం ఆడి ఆడి నిద్రపోయింది.

మర్నాడు ఆదివారం. అందరూ ఇంట్లోనే ఉన్నారు. బొంగరం వాళ్ళమ్మే అడిగింది. "నాన్నా, మీ తాతా మనవరాళ్ళ చదువు నేనెప్పుడూ చూళ్ళేదు. ఏదీ, ఒకసారి చదవండి."

"అల్లుడుగారి ముందు నా చదువేంటమ్మా" అంటూనే ఆయన సంబరంగా లేచి పుస్తకం తెరిచాడు. "బొంగరం! బస్సు బయల్దేరుతోంది!"

గదిలో చక్కర్లు కొడుతున్న బొంగరం పుస్తకాన్ని చూసింది. పక్కనే నిలబడ్డ నాన్నని చూసింది. వచ్చి తాతయ్య ఎదురుగా చేతులు రెండూ కిందికి వేసి నిలబడి, నోరు బార్లా తెరిచింది. "ఆ..." నాలిక చాపింది. తర్వాత వేలితో కింది రెప్ప తనే కిందికి లాగి పట్టుకుంది.

వాళ్ళమ్మ పకపకా నవ్వింది. "ఇదేంటే? ఎవరు నేర్పారు?"

"నాన్న."

"నాన్న ఏం చేస్తాడు?"

"వాసన. నాలిక. కన్ను." బొంగరం గొంతు బరువుగా చేసి, అచ్చం ఎక్స్‌రేలా అంది. "సరే, పో."

"పళ్ళు... దవడ పళ్ళు వస్తున్నాయేమోనని చూస్తున్నా" అన్నాడు ఎక్స్‌రే.

"కంట్లోనా పళ్ళు?" అని ఆమె ఇంకా నవ్వింది.

మామగారు నవ్వలేదు. టికెట్టు కొనకుండా కిటికీ బయటికి చూసే ముఖాలతోనే ఆయన ఉద్యోగమంతా గడిచింది. ఇప్పుడు అల్లుడి ముఖం వంక అలాగే ఒక్క క్షణం చూశాడు. పుస్తకం మూసి, అలమర దగ్గరికి వెళ్ళి, దగ్గుమందు సీసా దించి తెచ్చి బల్ల మీద పెట్టాడు. లేబుల్ మీద గీతలు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి.

"ఇవి మీరు పెట్టినవా బాబూ?"

ఎక్స్‌రే తలూపాడు.

"అమ్మాయి పెడుతోందనుకున్నా" అన్నాడాయన. "నేను దగ్గు దాచుకుంటున్నానని కనిపెట్టేసి, రోజూ ఎంత తాగుతున్నానో చూసుకుంటోంది కాబోలు అనుకున్నా. అడిగితే మానేస్తుందేమోనని అడగలేదు. ఆ గీతలు చూసినప్పుడల్లా ఎంత ముచ్చటేసేదో."

ఆమె నవ్వు ఆగిపోయింది. సీసా చూసింది, మొగుణ్ణి చూసింది. "మా నాన్న పిల్లకి మందు పోస్తున్నాడనుకున్నారా?" అంది. మెల్లగానే అంది.

"అనుకున్నాను" అన్నాడు ఎక్స్‌రే. "నిన్న మధ్యాహ్నం వచ్చి చూశాను. తప్పయిపోయింది మామయ్యగారూ. నిన్ననే తెలిసింది."

"టికెట్టు లేదనిపిస్తే నేను మొహం మీదే అడిగేవాణ్ణి బాబూ" అన్నాడాయన. "అడిగితే ఎవడూ చచ్చిపోడు. ఉంటే చూపిస్తాడు. నన్ను అడగాల్సింది. పసిదాని నోట్లో వెతికారు."

ఆయన పెట్టె సర్దుతాడని, పెద్ద కూతురింటికి బయల్దేరతాడని ఎక్స్‌రే ఆ రోజంతా కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. ఆయన పెట్టె ముట్టుకోలేదు. కోపంగా ఒక్క మాట అనలేదు. భార్య మాత్రం మాట్లాడటమే మానేసింది.

సోమవారం సాయంత్రం ఎక్స్‌రే మెట్లెక్కుతుంటే కింది అంతస్తులో ఉండగానే చదువు వినిపించింది. పై అంతస్తు ఆవిడ ఎదురొచ్చి, "మీ మామగారు ఎంత బాగా చదువుతారండీ! పొద్దుట్నించీ అందరం వింటున్నాం" అంది. వెళ్ళి చూస్తే వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. అది మూసుకుపోకుండా కుర్చీ అడ్డంపెట్టి, పిల్ల బయటికి పోకుండా గడపకి అడ్డంగా బల్ల వేసి, వచ్చేపోయేవాళ్ళందరికీ కనిపించేలా ఆయన గుమ్మం ముందే నిలబడి చదువుతున్నాడు. తాగిన పాలగ్లాసు కూడా కడక్కుండా బల్ల మీదే ఉంది. గ్లాసు అడుగున మిగిలిన పాలు, చూసేవాళ్ళు చూడొచ్చు.

"తలుపు వేసుకోండి మామయ్యగారూ" అన్నాడు ఎక్స్‌రే.

"పర్వాలేదు బాబూ" అన్నాడాయన మర్యాదగా. "గాలొస్తుంది."

ఎక్స్‌రే బల్ల దాటి లోపలికి వచ్చాడు. అప్పటిదాకా గదంతా కలియతిరుగుతున్న బొంగరం అతన్ని చూడగానే ఆగిపోయింది. వచ్చి ఎదురుగా నిలబడి నోరు తెరిచింది.

"వద్దమ్మా. ఇంకెప్పుడూ వద్దు. మూసెయ్."

మూయలేదు. నాలిక చాపి, రెప్ప లాగి, మెడ ఎత్తి నిలబడి ఉంది. కథకి నిలవని కాలు, అన్నానికి నిలవని కాలు, నిద్రలో కూడా నిలవని కాలు, సోదాకి నిలిచింది. ఎంతసేపైనా నిలిచేలా ఉంది. అది చూస్తే ఎక్స్‌రేకి ఏడుపు ఆగలేదు. గుమ్మం ఎదురుగా, అందరికీ కనిపించేలా, పిల్ల ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"ఇవాళ నాన్నని చూడు తల్లీ" అని తనే నోరు తెరిచాడు.

బొంగరం ఆశ్చర్యపోయింది. తర్వాత పనిలోకి దిగింది. వంగి వాసన చూసింది. నాలిక పట్టుకుని లాగింది. తడికంటి రెప్ప కిందికి లాగి, లోపల ఏముందో చాలా జాగ్రత్తగా చూసింది. చూసి, ఏమనాలో తేల్చుకోలేక తాతయ్య వైపు తిరిగింది.

మామగారు పుస్తకం మీంచి తలెత్తాడు.

"సరిగ్గా చూడమ్మా" అన్నాడు. "నాలిక కింద కూడా చూడు. ఏమైనా మిగిలి ఉందేమో."

ఆయన నవ్వుతూ అన్నాడో, నవ్వకుండా అన్నాడో, అంతమంది ముఖాలు చదివిన ఎక్స్‌రేకి తెలియలేదు. తెలుసుకుందామని తలెత్తి చూడబోయి, చూడటం మానేశాడు. తలుపు తెరిచే ఉంది. నోరు తెరుచుకుని, కళ్ళు మూసుకుని, కూతురు వదిలేదాకా అలాగే ఉండిపోయాడు.